క్రిస్మస్ రాత్రి చూడదగిన క్వియర్ సినిమాలు ఏవి?

మీ ప్రశ్నలో రెండు సంగతులున్నాయి. ఈ క్రిస్మస్‌కు సొంత ఇళ్ళకు వెళ్ళలేకపోయిన అయిదారుగురు మిత్రులను మీరు భోజనానికి పిలిచారు. వారిలో సగం మంది క్వియర్ వ్యక్తులు, అంటే గే, లెస్బియన్, ట్రాన్స్ వంటివారు. భోజనాలయ్యాక అందరూ కూర్చుని చూడడానికి హంగూ ఆర్భాటం, నవ్వు నిండుగా ఉన్న క్వియర్ క్రిస్మస్ సినిమాలు చెప్పమన్నారు. దానితోపాటు, ఇంగ్లీషు సమీక్షల్లో పదే పదే కనిపించే ‘క్యాంప్’ అనే మాటకు అర్థమేమిటని, అది మనుషులను ఎగతాళి చేయడమే కాదా అని అడిగారు. పదేళ్ళకు పైగా ప్రతి డిసెంబరులోనూ మా ఇంటి హాల్లో గోడకు తెల్లదుప్పటి కట్టి ఇలాంటి సినిమాలే వేస్తున్నాను కనుక, అనుభవం మీద చెబుతాను. ముందు రెండవ సంగతి తేల్చుకుందాం. అది తేలితే తప్ప నేను ఏ సినిమాను ఎందుకు ముందు పెడుతున్నానో మీకు బోధపడదు.

క్యాంప్ గురించి అమెరికన్ రచయిత్రి సూసన్ సొంటాగ్ 1964లో రాసిన వ్యాసం ఇప్పటికీ అందరికీ ఆధారం. సహజంగా ఉన్నదానికంటే అతిగా ఉన్నదాన్ని, కృత్రిమంగా అలంకరించినదాన్ని ప్రేమించే అభిరుచి అది అని ఆమె వివరించారు. అందులో రెండు రకాలున్నాయన్నారు. చేసేవారికి తెలియకుండా, పూర్తి గంభీరతతో చేస్తుండగానే అతి అయిపోయేది ఒకటి. ఇది అతి అని తెలిసి, ఆ అతిని కోరి చేసేది మరొకటి. ఎగతాళి చేసేవారు వస్తువుకు దూరంగా నిలబడి వేలు చూపిస్తారు. క్యాంప్ చేసేవారు ఆ పూసలదండ తామే మెడలో వేసుకుని, దీపం కిందికి వచ్చి నిలబడతారు. ఈ తేడా తెలుగువారికి కొత్తగా చెప్పవలసింది కాదు. స్థానం నరసింహారావు గారు నాటక రంగం మీద, వేదాంతం సత్యనారాయణ శర్మ గారు కూచిపూడిలో సత్యభామగా నిలిచినప్పుడు ఆ నడక, ఆ జడ, ఆ అలక మామూలు స్త్రీలలో కనిపించేదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నాయని చూసేవారందరికీ తెలుసు. అయినా అది స్త్రీలను వెక్కిరించడమని ఎవరూ అనుకోలేదు. దాని శాస్త్రం వేరు, సంప్రదాయం వేరు కనుక దాన్ని క్యాంప్ అనడం సరికాదు. అయితే అతిశయంలోనే గౌరవం ఉండవచ్చునన్న ఎరుక మనకు అక్కడి నుంచే వచ్చింది.

ఇక క్రిస్మస్‌కూ దీనికీ ఉన్న సంబంధం. మనకు సంక్రాంతి ఎలాగో, అమెరికాలో చాలామందికి క్రిస్మస్ అలాగ, ఎక్కడెక్కడి వాళ్ళూ పుట్టిన ఇంటికి చేరే పండుగ. ముప్పై ఏళ్ళు దాటి ఒంటరిగా ఊరికి వెళ్ళినవారికి అరుగు మీద మొదట ఎదురయ్యే ప్రశ్న ఏమిటో మీకూ నాకూ తెలుసు. ఆ ప్రశ్నకు నిజం చెప్పే వీలు లేనివారికి, చెప్పినందుకే ఇల్లు దూరమైనవారికి ఈ పండుగంత బరువైన రోజు ఏడాదిలో మరొకటి ఉండదు. అందుకే క్వియర్ క్రిస్మస్ సినిమాలన్నీ ఏదో ఒక విధంగా ఇంటి గురించినవే అవుతాయి. ఆ తళుకు కాగితాలను, ఆ రంగు దీపాలను మనస్ఫూర్తిగా ప్రేమిస్తూనే, వాటి వెనక ఇల్లు అనే సమస్యను దాచకుండా చూపిన సినిమాలు నా దృష్టిలో మంచివి. ఆ కొలతతోనే కింది సినిమాలను ఎంచాను.

మొట్టమొదట మీరు పెట్టవలసింది సినిమా కాదు, టీవీ కార్యక్రమం. పాల్ రూబెన్స్ పిల్లల కోసం నడిపిన ‘పీ-వీస్ ప్లేహౌస్’కు 1988 డిసెంబరు 21న సీబీఎస్ ఛానల్ ప్రసారం చేసిన క్రిస్మస్ ప్రత్యేక సంచిక అది. గంటలోపే అయిపోతుంది. బిగుతైన బూడిదరంగు సూటు, ఎర్రటి బో టై వేసుకున్న పీ-వీ (ఇది రూబెన్స్ తానే వేసే పాత్ర) ఇంటికి పండుగ రోజున అతిథులు ఒకరి వెంట ఒకరు వస్తూనే ఉంటారు. షేర్, లిటిల్ రిచర్డ్, కె.డి. లాంగ్, జోన్ రివర్స్, మ్యాజిక్ జాన్సన్, ఓప్రా విన్‌ఫ్రీ వంటి ప్రముఖులంతా కనిపిస్తారు. ఒక పెద్ద పెట్టె పొరపాటున ఈ ఇంటికి చేరుతుంది. నిజానికి అది వైట్‌హౌస్‌కు వెళ్ళవలసిన పార్శిలు. తెరిస్తే లోపలి నుంచి గాయని గ్రేస్ జోన్స్ బయటికి వచ్చి ‘లిటిల్ డ్రమ్మర్ బాయ్’ పాడుతుంది. తెలిసినవాళ్ళంతా పీ-వీకి ఫ్రూట్‌కేకులే కానుకగా తెస్తారు. ఎవరికీ అక్కరలేని ఆ కేకులను కండలు తిరిగిన ఇద్దరు పనివాళ్ళు ఇటుకల్లా పేర్చి ఆ ఇంటికి కొత్త గది కడుతుంటారు. పిల్లలు అందులో కేకుల గోడను చూస్తారు, పెద్దవాళ్ళు ఆ పనివాళ్ళను చూస్తారు, ఇద్దరూ నవ్వుతారు, కానీ ఎవరి నవ్వు వారిదే.

ఆ కాలంలో అమెరికన్ టీవీలో ఒక నటుడు తాను గేనని బయటికి చెప్పుకుంటే పిల్లల కార్యక్రమం అతని చేతిలో మిగిలేది కాదు. రూబెన్స్ 2023లో చనిపోయారు; తాను గేనని ఆయన స్వయంగా చెప్పిన మాటలు 2025లో విడుదలైన డాక్యుమెంటరీలో గానీ ప్రజలకు చేరలేదు. ఆ సంగతి తెలిసి ఈ కార్యక్రమాన్ని మళ్ళీ చూస్తే, నోటితో చెప్పలేని మాటను ఒక మనిషి ఇంటి గోడల రంగులతో, కుర్చీలతో, అతిథుల పట్టికతో ఎంత స్పష్టంగా చెప్పాడో తెలిసి నాకు ప్రతిసారీ గొంతు పట్టుకుంటుంది. సొంతవాళ్ళు ఎవరూ లేని ఇంట్లో మాట్లాడే కుర్చీతో సహా అందరూ సొంతవాళ్ళే కావడం మీ భోజనాల రాత్రికి సరిగ్గా సరిపోయే దృశ్యం.

తరువాతి సినిమా కోసం నేను ‘సింగిల్ ఆల్ ద వే’ను సిఫార్సు చేస్తాను. 2021 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, గంటా నలభై నిమిషాలు ఉంటుంది. దర్శకుడు మైకేల్ మేయర్ న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే రంగస్థలం నుంచి వచ్చినవారు. ఆ రంగస్థలపు వాసన సినిమా అంతటా ఉంటుంది. లాస్ ఏంజెలెస్‌లో ఉండే పీటర్, ప్రేమించిన మనిషి మోసం చేయడంతో, పండుగకు న్యూ హ్యాంప్‌షైర్‌లోని ఇంటికి ఒంటరిగా వెళ్ళే ధైర్యం లేక ప్రాణమిత్రుడు నిక్‌ను వెంటబెట్టుకుని వెళతాడు. మేమిద్దరం ప్రేమికులమని ఇంట్లో చెబుదామన్నది అతని ఆలోచన. ఆ అబద్ధం నోటి నుంచి వచ్చేలోపే తల్లి తన వ్యాయామ శిక్షకుడితో కొడుక్కి సంబంధం చూసి పెట్టి ఉంటుంది. తండ్రి, మేనకోడళ్ళు మాత్రం నిక్ పక్షం వహిస్తారు. పెళ్ళి సంబంధాల విషయంలో ఇంటిల్లిపాదీ రెండు వర్గాలుగా చీలి, ఎవరి ఎత్తులు వారు వేయడం మన ఇళ్ళలో చూసినవారికి ఇందులో విడమరచి చెప్పవలసిందేమీ ఉండదు.

ఈ సినిమాలో నాకు విలువైనది ఒకటుంది. కొడుకు గే అన్నది ఆ ఇంట్లో ఎవరికీ సమస్య కాదు, కథ మొదలయ్యేనాటికే ఆ సంగతి పాతబడిపోయింది. తల్లికి ఉన్న బాధల్లా కొడుకు ఒంటరిగా ఉన్నాడనే. కొందరు విమర్శకులు దీన్ని తేలిక సినిమా అన్నారు, నేను ఒప్పుకోను. కన్నీళ్ళు, గొడవలు, క్షమాపణలు లేకుండా ఒక గే కొడుకు పండుగకు ఇంటికి వెళ్ళి రాగలడని చూపడమే ఆ సినిమా చేసిన పని. అటువంటి ఇల్లు చూడక పెరిగినవారికి అది తేలిక విషయం కాదు. ఇక క్యాంప్ అంతా పిన్ని శాండీ పాత్రలో ఉంది. జెన్నిఫర్ కూలిడ్జ్ వేసిన ఆ పాత్ర ఊళ్ళో ఏసు జననం నాటకానికి దర్శకత్వం వహిస్తూ, పసిపిల్లల చేత బ్రాడ్‌వే ప్రమాణాలకు తగినట్టు నటింపజేయాలని తాపత్రయపడుతుంది. ఆ నాటకం ఆమెకు ప్రాణం, అందులో రవ్వంత కూడా వేళాకోళం లేదు. ఇందాక సొంటాగ్ పేరుతో చెప్పిన మొదటి రకానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

‘హ్యాపియెస్ట్ సీజన్’ గురించి మీరు తప్పక వినే ఉంటారు. 2020 నవంబరులో హులు అనే అమెరికన్ ఓటీటీలో వచ్చింది. దర్శకురాలు క్లియా డువాల్ తన సొంత అనుభవాల ఆధారంగా ఈ కథ అల్లుకున్నారు. క్రిస్టెన్ స్టువర్ట్ వేసిన ఆబీ, మెకెంజీ డేవిస్ వేసిన హార్పర్ కలిసి ఉంటున్న ప్రేమికులు. పండుగకు తన పుట్టింటికి రమ్మని పిలిచిన హార్పర్, దారి మధ్యలో, ఇంట్లో ఇంకా ఏమీ చెప్పలేదని బయటపెడుతుంది. తండ్రి మేయరు పదవికి పోటీ చేస్తున్నాడు కనుక ఆబీ అయిదు రోజులపాటు తల్లిదండ్రులు లేని రూమ్మేటుగా నటించాలి. ఇంగ్లీషులో తన సంగతి దాచుకుని బతకడాన్ని బట్టల అల్మరాలో ఉండటం అంటారు. ఒక సన్నివేశంలో ఆబీ నిజంగానే బట్టల అల్మరాలో దాక్కోవలసి వస్తుంది, హార్పర్ తల్లి వచ్చి ఆ తలుపు తీస్తుంది. థియేటర్లో అయితే గోల చేసి నవ్వవలసిన ఆ చోటనే మా హాల్లో ఒకసారి ఎవరూ నవ్వలేదు. చూస్తున్న ఎనిమిది మందిలో ముగ్గురు ఆ అల్మరాను దగ్గరగా ఎరిగినవారు.

మీ ఇంట్లోనూ అలా జరగవచ్చు కనుక ముందే చెబుతున్నాను. ఈ సినిమా పైకి కనిపించేంత సరదా సినిమా కాదు. హార్పర్ తన ప్రేయసిని పదే పదే ఒంటరిగా వదిలేస్తుంది. స్కూలు రోజుల్లో రైలీ అనే అమ్మాయి రహస్యాన్ని తానే నలుగురిలో బయటపెట్టి ఆమెను బలి చేసిన చరిత్ర కూడా ఆమెకుంది. ఆబ్రీ ప్లాజా వేసిన ఆ రైలీతోనే ఆబీ వెళ్ళిపోయి ఉంటే బాగుండేదని సినిమా వచ్చిన వారంలోనే వేలమంది వాదించారు, నేనూ వారి పక్షమే. అయినా ఈ సినిమాను వదలవద్దంటాను. దానికి కారణం ఆబీ మిత్రుడు జాన్ పాత్ర. డాన్ లెవీ వేసిన, మొదటి నుంచి నవ్వించే ఆ పాత్ర, చివరికి వచ్చేసరికి ఆబీకి తన సంగతి చెబుతుంది: ఇంట్లో నిజం చెప్పిన రోజున తండ్రి తనను గెంటేశాడనీ, పదమూడేళ్ళు మాట్లాడలేదనీ. ఎవరి కథ వారిదే గానీ, ఆ మాట నోటి నుంచి రావడానికి ముందు గుండె దడదడలాడే ఆ ఒక్క క్షణం మాత్రం అందరిదీ ఒకటేనని అతను చెప్పే తీరు వల్ల, అప్పటివరకూ హార్పర్ మీద మనకున్న కోపం తగ్గదు గానీ, ఆమె భయం అర్థమవుతుంది. ఈ సినిమాలోని బార్ సన్నివేశంలో పాడే ఇద్దరు డ్రాగ్ కళాకారులు (ఆర్భాటమైన స్త్రీ వేషం కట్టి ఆడిపాడేవారు) జింక్స్ మాన్సూన్, బెన్‌డెలాక్రీమ్. వారి పాట నచ్చితే అదే ఏడాది డిసెంబరులో వారిద్దరూ కలిసి తీసిన ‘జింక్స్ అండ్ డెలా హాలిడే స్పెషల్’ కూడా చూడండి. డెలాకు పండుగ అంటే ఎంత ఇష్టమో, జింక్స్‌కు అంత విముఖత. ఆ ఇద్దరి పోట్లాటలో మీరడిగిన హంగూ ఆర్భాటం పుష్కలంగా దొరుకుతాయి.

హాల్‌మార్క్, లైఫ్‌టైమ్ అనే అమెరికన్ టీవీ ఛానళ్ళ సినిమాల గురించి కొద్దిగా. 2019 డిసెంబరులో ఇద్దరు వధువులు ముద్దు పెట్టుకునే ప్రకటనను, ఒక సంప్రదాయవాద సంఘం అభ్యంతరం చెప్పిందని హాల్‌మార్క్ ఆపేసింది. దేశమంతా నిరసన రావడంతో కొద్ది రోజులకే క్షమాపణ చెప్పి ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. ఆ మరుసటి ఏడాదే ‘ద క్రిస్మస్ హౌస్’లో ఒక గే జంటకు ముఖ్యమైన చోటిచ్చింది. 2022లో వచ్చిన ‘ద హాలిడే సిట్టర్’లో కథానాయకులే గే జంట. రెండింటిలోనూ నటుడు జొనాథన్ బెన్నెట్ ఉన్నాడు. లైఫ్‌టైమ్ వారి ‘ద క్రిస్మస్ సెటప్’లో ప్రేమికులుగా నటించిన బెన్ లూయిస్, బ్లేక్ లీ నిజ జీవితంలోనూ దంపతులే. వారి చూపుల్లో ఉన్న చనువు నటనతో తెచ్చుకోగలిగేది కాదు. తల్లిగా ఫ్రాన్ డ్రెషర్ ఉంది, ఆమె గొంతు వింటేనే పండుగ. ఈ సినిమాల్లో మంచు సబ్బునురుగులా ఉంటుంది, ఎవరి స్వెట్టరూ నలగదు, బెల్లం పాకంలో ముంచినట్టుంటాయి మాటలు. కానీ ఇన్నేళ్ళూ ఆడామగా జంటలకు మాత్రమే దక్కిన ఆ పాకం ఇప్పుడు అందరికీ పంచుతున్నారు. వంటింట్లో పని చేసుకుంటూ ఒక కన్ను వేసి చూడడానికి ఇవి బాగుంటాయి.

ఇక పెద్దలకు మాత్రమే చెప్పవలసినవి రెండున్నాయి. ఒకటి జాన్ వాటర్స్ 1974లో బాల్టిమోర్‌లో తీసిన ‘ఫీమేల్ ట్రబుల్’. అమెరికన్ క్యాంప్‌కు మూలపురుషుడని చెప్పదగిన దర్శకుడు ఆయన. అందులో క్రిస్మస్ ఉన్నది మొదటి కొద్ది నిమిషాలే. డివైన్ అనే డ్రాగ్ నటుడు బడిపిల్ల డాన్ డావెన్‌పోర్ట్‌గా కనిపిస్తాడు. ఆమెకు కావలసింది చా-చా హీల్స్ అనే నల్లటి ఎత్తుమడమల చెప్పులు. క్రిస్మస్ ఉదయం ఆత్రంగా పెట్టె విప్పితే లోపల వేరే చెప్పులుంటాయి. మంచి ఆడపిల్లలు చా-చా హీల్స్ వేసుకోరని తండ్రి అంటాడు. అప్పుడు ఆమె కానుకలన్నీ తొక్కేసి, కన్నతల్లిని నెట్టి, క్రిస్మస్ చెట్టు ఆమె మీద పడేలా చేసి, రాత్రి బట్టలతోనే ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. చెట్టు కింద నుంచి తల్లి ఏడుస్తూ క్రిస్మస్ నాడు ఇలా చేస్తావా అని మొత్తుకుంటుంది. వాటర్స్ చిన్నతనంలో వాళ్ళ ఇంట్లోని పెద్దావిడ మీద నిజంగానే క్రిస్మస్ చెట్టు పడిందట, ఆ జ్ఞాపకమే ఈ సన్నివేశమైంది. ఒక జత చెప్పులకు ఇంత గొడవా అనిపిస్తుంది. కానీ నచ్చిన బట్ట కట్టుకోనివ్వని ఇంట్లో పెరిగిన ప్రతి క్వియర్ బిడ్డకూ ఆ చెప్పులు ఏమిటో తెలుసు. ఇంటికి వెళ్ళే సినిమాల మధ్య ఇల్లు విడిచి వెళ్ళే సినిమా ఇదొక్కటే, అందుకే దీన్ని జాబితాలో ఉంచాను. అయితే ఆ తరువాత సినిమా హింస, లైంగిక దాడి, అసహ్యం కలిగించే దృశ్యాలతో చాలా దూరం పోతుంది. భోజనం చేసిన వెంటనే, అందరినీ అడగకుండా మాత్రం పెట్టవద్దు. మేము చెట్టు పడేవరకు చూసి ఆపేస్తాం.

రెండవది ‘టాంజెరీన్’. 2015లో షాన్ బేకర్ తీసిన ఈ సినిమా మొత్తాన్ని ఐఫోన్ 5ఎస్‌లతో, వాటికి ప్రత్యేక లెన్సులు తగిలించి చిత్రీకరించారు. క్రిస్మస్‌కు ముందురోజు హాలీవుడ్‌లో మంచు ఉండదు, నారింజరంగు ఎండ ఉంటుంది. ఇరవై ఎనిమిది రోజుల జైలు తరువాత బయటికి వచ్చిన సిన్-డీ, ఆమె స్నేహితురాలు అలెగ్జాండ్రా ఒక డోనట్ దుకాణంలో ఒకే డోనట్‌ను పంచుకుని తింటుండగా కథ మొదలవుతుంది. ఇద్దరూ వీధుల్లో సెక్స్ వర్క్ చేసుకుని బతికే నల్లజాతి ట్రాన్స్ స్త్రీలు. ఆ పాత్రలు వేసిన కిటానా కికి రోడ్రిగెజ్, మయా టేలర్ కూడా ట్రాన్స్ స్త్రీలే. ప్రియుడు మోసం చేశాడని తెలిసి సిన్-డీ వీధులన్నీ గాలిస్తుంది. ఆ అరుపులు, ఆ నడక, ఆ మాటల వేగం సినిమా పొడవునా నవ్విస్తాయి. అలెగ్జాండ్రా మాత్రం సాయంత్రం ఒక బార్‌లో తన పాట ఉందని కనిపించిన ప్రతివారికీ కాగితాలు పంచుతుంది. చివరికి ఆ పాట వినడానికి వచ్చేవారు దాదాపు ఎవరూ ఉండరు. పాడే అవకాశం కోసం ఆమే ఎదురు డబ్బు కట్టిందని మనకు అప్పుడు తెలుస్తుంది. ఎర్రటి వెలుతురులో ఆమె ‘టాయ్‌లాండ్’ అనే పాత పాట పాడుతుంది. బాల్యపు బొమ్మల లోకం గురించిన ఆ పాటను ఒక్క తప్పుడు నవ్వు లేకుండా, ఎదురుగా కిక్కిరిసిన సభ ఉన్నట్టే పాడుతుంది.

ముగింపు ముందే తెలిస్తే ఇబ్బంది అనుకునేవారు ఈ పేరా వదిలేయండి. రాత్రి వీధిలో నిలబడిన సిన్-డీ ముఖం మీద కారులో వచ్చినవారెవరో మూత్రం విసిరి వెళ్ళిపోతారు. అలెగ్జాండ్రా ఆమెను బట్టలు ఉతికే యంత్రాలుండే లాండ్రీకి తీసుకువెళ్ళి, ఆమె బట్టలు, విగ్గు యంత్రంలో వేస్తుంది. విగ్గు తీసిన తలతో సిన్-డీ ముడుచుకుపోయి కూర్చుంటుంది. ఆమె అలా ఉండడం అంతవరకూ మనం చూడలేదు. అలెగ్జాండ్రా ఒక్క క్షణం ఆలోచించి, తన తల మీది విగ్గు తీసి స్నేహితురాలి తలకు పెట్టి సర్దుతుంది. క్రిస్మస్ సినిమాల్లో ఇచ్చిపుచ్చుకున్న కానుకలు ఎన్నో చూశాను, ఈ విగ్గు కంటే విలువైనది నాకు కనబడలేదు. క్యాంప్ అంటే ఎగతాళి కాదా అన్న మీ ప్రశ్నకు కూడా నేను చూపించగల సమాధానం ఇదే. అలంకారాన్ని ప్రాణంగా చూసుకునేవారికే అది తీసి ఇవ్వడంలోని ఖరీదు తెలుస్తుంది.

‘కేరల్’ గురించి ఎవరైనా అడుగుతారని తెలుసు. టాడ్ హేన్స్ 2015లో తీసిన ఆ సినిమాలో ఇద్దరు స్త్రీల ప్రేమ క్రిస్మస్ రద్దీలో ఉన్న పెద్ద దుకాణంలోని బొమ్మల విభాగంలో, మరచిపోయిన ఒక జత చేతితొడుగులతో మొదలవుతుంది, అద్భుతంగా ఉంటుంది. కానీ అది క్యాంప్ కాదు, నలుగురూ మాట్లాడుకుంటూ చూసేది అంతకన్నా కాదు. అందరూ వెళ్ళిపోయాక, మరునాటి రాత్రికి దాచుకోండి.

మీ రాత్రికి నా క్రమం ఇదీ: అతిథులు ఒక్కొక్కరుగా వచ్చే వేళ పీ-వీ కార్యక్రమం నడుస్తూ ఉండనివ్వండి. వచ్చినవారు ఎక్కడి నుంచి చూసినా అర్థమవుతుంది, తెర మీద కూడా అతిథులు వస్తూనే ఉంటారు. భోజనాలయ్యాక ‘సింగిల్ ఆల్ ద వే’ పెట్టండి. ‘హ్యాపియెస్ట్ సీజన్’ పెట్టాలనుకుంటే మాత్రం, వచ్చేవారిలో ఇంట్లో ఇంకా చెప్పుకోనివారు ఎవరైనా ఉంటే, వారిని ముందు రోజే పక్కకు పిలిచి కథ చెప్పి, వారు సరేనంటేనే పెట్టండి. ‘టాంజెరీన్’ గంటన్నర లోపే ఉంటుంది కనుక, అర్ధరాత్రి దాటాక ఇళ్ళకు వెళ్ళకుండా సోఫాల మీద మిగిలిపోయే ఇద్దరు ముగ్గురికి అది సరిపోతుంది. బూతులు ఎక్కువ కనుక పిల్లలు నిద్రపోయారో లేదో చూసుకోండి.